ముప్పై రెండో ఫిర్యాదు

“నా కంప్యూటర్లో బాగానే వస్తాందక్కా.”

బసవరాజ్ ఈ మాట అనడం ఇది ముప్పై ఒకటోసారి. యార్డుకొచ్చే సరుకును నమోదు చేసే ‘సరుకుమిత్ర’ అనే సాఫ్ట్‌వేర్ రాసిన మనిషి అతనే. శివలీల ఫోన్ చేసినప్పుడల్లా ఇదే జవాబు.

“నీ కంప్యూటర్లో వస్తే ఎవరికి కావాలప్పా? ఉల్లి యార్డులో రాల్యా. ఒకే ఊరి నుంచి రెండో బండి వివరాలు ఎక్కిస్తే మొదటి బండి లాటు నంబరు మాయమైపోతాంది. నంబరు లేకుంటే వేలం లేదు.”

“ఒకసారి ఆపి, మళ్లీ ఆన్ చేసి చూడు.”

“పదిసార్లు అయింది.”

“అయితే స్క్రీన్ ఫొటో పంపు.”

అదీ కొత్త కాదు. ఫొటో ఎప్పుడో పంపింది. మసకగా ఉందన్నాడు. వీడియో పంపింది. తెరుచుకోవడం లేదన్నాడు. రాసి ఇమ్మన్నాడు. రెండు పేజీలు రాసి ఇచ్చింది. మరునాడు మెయిల్ వచ్చింది: ‘మీ ఫిర్యాదు పరిష్కరించి మూసివేయడమైనది.’

మూసింది ఫిర్యాదును. తప్పు అట్లే ఉంది.

యాభై రోజులుగా ఇదే తంతు. రైతుల తిట్లన్నీ శివలీల చెవికే.

అందరికంటే గట్టిగా తిట్టింది రత్నమణి. ఆమెది ఓర్వకల్లు పక్క పల్లె. ఎకరన్నర పొలం. పండిన పంటంతా బండికెత్తి యార్డుకు తెచ్చింది. వెనకాలే అదే ఊరి బండి ఇంకోటి వచ్చింది. అంతే, రత్నమణి నంబరు గల్లంతు. చేత్తో రాసిన చీటీ చెల్లదన్నారు. రెండు రోజులుగా ఉల్లిగడ్డలు ఎండలో కుప్పగా పడి ఉన్నాయి.

“అడుగున మెత్తబడతాండాయి. ఇంగ రెండు దినాలుంటే పారబోయాల్సిందే. నీ మిషన్లో నేను పుట్టనేలేదంట. పుట్టకుండానే ఇన్ని గడ్డలు పండిస్తినా?”

“ఎల్లుండి లోపల సరిచేయిస్తానమ్మా. మాట ఇస్తాండా.”

ఆ మాట ఇచ్చాకే శివలీల బసవరాజ్‌కు ఫోన్ చేసింది. అతను ఏం చెప్పాడో చూశాం కదా. ఫోన్ పెట్టేసి ఆమె నేరుగా షామియానాలు అద్దెకిచ్చే అంగడికి పోయింది.

తెల్లారేసరికి కల్లూరులో, సరుకుమిత్ర కంపెనీ మేడ ముందు టెంటు లేచింది. లోపల ఒక చాప. చాప మీద శివలీల. వెనక బ్యానరు: ‘మాయమైన లాటు కనపడాలి. అంతవరకు నిరాహార దీక్ష.’

పది గంటలకు షేర్ ఆటోలో ఏడుగురు రైతులు దిగి, ఆమె మెడలో ఉల్లిగడ్డల దండ వేశారు. పదకొండుకు ఎస్సై వచ్చాడు.

“ఏ పార్టీమ్మా?”

“ఏ పార్టీ లేదు సార్.”

“మరి డిమాండేంది?”

“కంప్యూటర్లో తప్పుండాది. దిద్దల్ల.”

ఎస్సై టోపీ తీసి తల గోక్కున్నాడు. దీనికి ఏ సెక్షన్ పెట్టాలో తోచలేదు. రైతులిచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు.

రత్నమణి వచ్చి చాప మీద పక్కనే కూర్చుంది.

“నిన్న నన్ను అన్నేసి మాటలంటివే,” అంది శివలీల.

“నిన్ను గాక ఇంగెవర్ని తిట్టల్ల? ఫోనెత్తేది నువ్వొక్కదానివే గదా.”

ఆ రోజు మేడ మీది నుంచి ఎవరూ దిగలేదు. కిటికీలోంచి తొంగి చూశారు. తెర వేసుకున్నారు.

రెండో రోజు పేపరు ఫొటోగ్రాఫర్ వచ్చాడు. ఐదు నిమిషాల్లో కంపెనీ ఓనరు రాజశేఖర్ దిగాడు. వెనక బసవరాజ్.

“ఇట్ల రోడ్డు మీద కూర్చుంటే కంపెనీ పరువు ఏం గావల్లమ్మా? లోపలికొచ్చి మాట్లాడు.”

“ముప్పై ఒక్కసార్లు లోపలికే మాట్లాడినా సార్. లోపల ఎవరికీ ఇనపడల్యా.”

రాజశేఖర్ బసవరాజ్ వైపు తిరిగాడు. “ఏమప్పా, ఏంది కత?”

“నా కంప్యూటర్లో బాగానే...”

రత్నమణి లేచి బసవరాజ్ చెయ్యి పట్టుకుంది.

“రా నాయనా. నీ కంప్యూటర్ యాడికీ పోదు. నా గడ్డలు యాడుండాయో చూద్దువు గానీ.”

ఆటో ఎక్కించేదాకా చెయ్యి వదల్లేదు.

యార్డులో బసవరాజ్ కళ్లెదుటే ఒక బండి వివరాలు ఎక్కించారు. నంబరు వచ్చింది. అదే ఊరి రెండో బండి ఎక్కించారు. మొదటిది మాయం. తనే కూర్చుని ఎక్కించి చూశాడు. మళ్లీ మాయం. ఉల్లి కుప్ప పక్కన గోనెసంచి పరుచుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు. ముక్కు మూసుకుని పని చేశాడు.

పావుగంట పట్టింది.

యాభై రోజుల ఫిర్యాదు. పావుగంట పని.

మధ్యాహ్నం వేలంపాటలో రత్నమణి లాటు పిలిచారు. అడుగున చెడిన రెండు గంపలు పోను మిగతాదంతా అమ్ముడుపోయింది. ఆమె అదే ఆటోలో కల్లూరుకు తిరిగొచ్చి, నిమ్మరసం గ్లాసు శివలీల చేతికిచ్చింది.

“తాగు తల్లీ. మాట నిలబెట్టుకుంటివి.”

శివలీల గుక్కలో తాగేసింది. రైతులు చప్పట్లు కొట్టారు. ఫొటో తీశారు. దండలోని గడ్డల్ని కూరకని తలా రెండు పంచుకున్నారు.

శివలీల చీర దులుపుకుని లేచి, అదే మేడ కింది గది తాళం తీసి, తన కుర్చీలో కూర్చుని, రెండు రోజులుగా మోగుతూనే ఉన్న ఫోనెత్తి, “నమస్కారం, సరుకుమిత్ర టెక్నికల్ సపోర్టు నుంచి శివలీలను మాట్లాడుతున్నాను, మీ సమస్య చెప్పండి,” అంది.