మొరాయించిన కంప్యూటర్

అన్యాయం ఎవరికి జరిగింది? ఎలా జరిగింది?

ఆ ఉదయం ఆ ఇంట్లో ఈ ప్రశ్నలకు రెండో జవాబు లేదు. అన్యాయం ఇంటాయనకు జరిగింది. నిన్న సాయంత్రం దాకా గుర్రంలా పరుగెత్తిన కొత్త కంప్యూటర్, తీరా అవసరం పడిన వేళకు, ఆయనను నట్టేట ముంచింది.

ఆయన నీటి సరఫరా విభాగంలో ఇంజనీరు. చీఫ్ ఇంజనీరు పదవికి ఆ రోజు పది గంటలకు ఇంటర్వ్యూ. అభ్యర్థి తన ఇంటి నుంచే, కంప్యూటర్ ముందు కూర్చుని అధికారులకు జవాబులు చెప్పాలి. ముందురోజు నమోదు చేసిన కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా ఆ ఇంటర్వ్యూ తెరుచుకోదు. పిలిచినప్పుడు పలకకపోతే పేరు కొట్టేస్తారు. పదవీ విరమణకు ముందు ఆయనకు ఇదే ఆఖరి అవకాశం.

విడిభాగాలు తెప్పించి ఆ కంప్యూటర్‌ను బిగించింది ఇల్లాలే. ఆమె భౌతికశాస్త్రంలో విశ్వవిద్యాలయానికే ప్రథమురాలు. ఆ చదువంతా ఇంట్లో ఫ్యూజులకూ మిక్సీ రిపేర్లకూ పనికివచ్చింది. "మా ఆవిడ చదువు వృథా పోలేదండీ, మెకానిక్ ఖర్చు మిగిలింది" అని ఆయన నలుగురిలో నవ్వుతూ చెప్పుకొనేవాడు.

ఇప్పుడు మీట నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి. లైట్లు వెలుగుతున్నాయి. తెర మాత్రం నల్లగా ఉంది.

"అంతా నీ చేతి చలవ! బిగించి ఉన్నదే కొనుక్కుందామంటే విన్నావా?"

పైన కోటు, మెడలో టై, కింద పైజామా. ఆ వేషంలో ఆయన కాలుగాలిన పిల్లిలా గదంతా తిరుగుతున్నాడు.

"కంగారు పడకండి. వరసగా చూసుకుంటూ పోదాం" అంటూ ఆమె సీపీయూ పక్క రేకు విప్పింది.

కొత్త యంత్రం మొండికేస్తే, అవసరం లేనివన్నీ తీసేసి, ఒక్కొక్కటే తిరిగి చేర్చుకుంటూ దోషిని పట్టుకోవాలి. ఆమె ఆ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించింది. తెరకు వెళ్ళే వైరు మార్చింది. ర్యామ్ తీసి, అంచులను రబ్బరుతో సుతారంగా తుడిచి, రెండు వైపులా టిక్కుమనేదాకా అదిమింది. చీకటే. గ్రాఫిక్స్ కార్డు ఊడదీసింది. చీకటే. బిళ్ళలాంటి చిన్న బ్యాటరీని తీసి, కాసేపు ఆగి, మళ్ళీ పెట్టింది. అప్పుడూ చీకటే.

అత్తగారు గుమ్మంలోంచి తొంగి చూసింది.

"కొత్త కోడలూ కొత్త యంత్రమూ ఒకటేరా నాయనా. మొదట్లో మొరాయిస్తాయి. కాస్త మంచిగా మాట్లాడి చూడు."

"అమ్మా, నువ్వు లోపలికి వెళ్ళు!"

"వెళ్తాలే. మంచిగా మాట్లాడితే నీ నోటి ముత్యాలేమైనా రాలిపోతాయా?"

ఆయన ఫోన్ తీసి విడిభాగాల షాపతన్ని పట్టుకున్నాడు.

"నిన్ను నమ్మి కొంటే నాసిరకం సరుకు అంటగడతావా? కోర్టుకీడుస్తాను, ఏమనుకున్నావో!"

"నాసిరకమైతే నిన్న ఎలా నడిచింది సార్? ఒకసారి మేడమ్‌గారికివ్వండి."

ఆమె ఫోన్ అందుకుంది.

"మేడమ్, ఫ్యాన్ తిరుగుతూ డిస్‌ప్లే రావట్లేదంటే కరెంటు ఎక్కడో అందట్లేదు. వైర్లన్నీ చూశారా?"

"పొద్దున్నే చూశాను బాబూ. ఒక్కొక్కటీ నా చేత్తో పట్టుకుని మరీ చూశాను."

"మీరే చూశాక ఇంక నేను చెప్పేదేముంది మేడమ్!"

ఆయన కోటు చేతులు పైకి మడిచాడు. "జరుగు. నేను చూస్తాను."

"ముట్టుకోకండి. మన ఒంట్లో ఉండే కరెంటుకే చిప్పులు కాలిపోతాయి. కంగారులో చెయ్యి పెడితే ఉన్నదీ పోతుంది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. భౌతికశాస్త్రం చదువుకున్నది ఆమె మరి.

పది దాటింది. ఫోన్ మోగింది. అవతల ఇంటర్వ్యూ గుమాస్తా.

"సార్, మిమ్మల్ని పిలిచారు. మీరు రాలేదు."

"బాబూ, కంప్యూటర్ స్టార్టవట్లేదు! అయిదంటే అయిదు నిమిషాలు..."

"రానివాళ్ళందరూ చెప్పేది అదే సార్. మీ పేరు కొట్టేశారు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. టై లాగి నేలమీద పారేశాడు.

"ఇంత ద్రోహమా! సర్వీసంతా ఈ ఒక్క రోజు కోసమే ఎదురుచూశాను. గెలుస్తానో ఓడతానో తర్వాతి మాట, కనీసం వాళ్ళ ముందు కూర్చోనివ్వాలి కదా! ఆ గడప దాకా కూడా వెళ్ళనివ్వకుండా ఇంట్లోనే నా గొంతు కోసింది. నేనేం పాపం చేశాను?"

ఆమె మంచినీళ్ళు తెచ్చి చేతికిచ్చింది.

"పోనీలెండి. రాసిపెట్టి లేదు. ఆ ఉద్యోగం రాకపోతే కొంపలేం మునిగిపోవు. ఇంట్లో మీకేం తక్కువ?"

ఆయన నీళ్ళు ముట్టకుండానే గ్లాసు కింద పెట్టేశాడు.

ఆమె మళ్ళీ కంప్యూటర్ ముందు కూర్చుంది. తీసినవన్నీ వాటి వాటి చోట పెట్టింది. లోపలికి చెయ్యి పోనిచ్చి, ఓ మూల బొటనవేలితో గట్టిగా నొక్కింది. మీట వేసింది.

తెర పళపళ వెలిగింది.

ఆయన దిగ్గున లేచాడు. "ఏమిటి? ఏమైంది దీనికి ఇంతసేపూ?"

"ప్రాసెసర్‌కు కరెంటు అందించే వైరు ఊడిందండీ."

"నిన్న శుభ్రంగా ఉంది కదా! దానంతట అది ఎలా ఊడుతుంది?"

ఆమె రేకు మూసి, మరలు బిగిస్తూ, తల ఎత్తకుండా జవాబు చెప్పింది.

"పెళ్ళైన కొత్తలో నా లెక్చరర్ ఇంటర్వ్యూ నాడు, స్కూటర్ ప్లగ్ వైరు మీరే పీకేసి, పైకి మాత్రం చెమటలు కక్కుతూ కిక్కు మీద కిక్కు కొట్టారు చూడండి, ఇదీ అచ్చం అలాగే ఊడిందండీ."