ప్రోనోటు బెంగ

తెలంగాణ ఇస్తామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చిన నాటి నుంచీ పట్టాభికి తిండి సయించడం లేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయనకు బట్టల కొట్టు. ఎల్బీనగర్ మట్టయ్యకూ ఆయనకూ మధ్య ఐదు లక్షల ప్రోనోటు ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీ. ఈ సంగతి కాలనీ అంతటికీ చెప్పింది ఆయన భార్య కుసుమకుమారి.

“బ్యాంకులో వేస్తే ఏమొస్తుందండీ? ఇదైతే నెలకు పదివేలు!” అనేది. అలా అన్నప్పుడల్లా పట్టాభి వినయంగా తల వంచుకునేవాడు.

ఇప్పుడు మట్టయ్య కండువా వేసుకుని రోజూ చౌరస్తాలో ధర్నాకు కూర్చుంటున్నాడు. కుసుమకుమారి గుండెల్లో రాయి పడింది.

ఇంతలో, రాష్ట్రం విడిపోతే పాత ప్రోనోట్లు చెల్లవని టీ కొట్టు దగ్గర హాస్టలు కుర్రాళ్లు అనుకోవడం పట్టాభి చెవిన పడింది. అంతే, బంద్ అని కూడా చూడకుండా చంపాపేట దాకా నడిచి, లాయరు మల్లికార్జునరావు ముందు కూలబడ్డాడు.

“నిజం చెప్పండి. రాష్ట్రం రెండు ముక్కలైతే ప్రోనోటు చెల్లుతుందా, చెల్లదా?”

లాయరు నవ్వాడు. “రెండు కాదు, పది ముక్కలైనా చెల్లుతుంది. నిశ్చింతగా ఉండండి.”

“చిన్న లొసుగు కూడా లేదా?”

“ఒక్కటీ లేదు.”

పట్టాభి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. లాయరుకు జాలేసి ఫీజు వద్దన్నాడు.

ఇంటికొచ్చేసరికి వరండాలో మట్టయ్య! ఎదురుగా అపరకాళిలా కుసుమకుమారి.

“ఉద్యమం పేరు చెప్పి ఐదు లక్షలూ ఎగ్గొట్టేద్దామనుకున్నావా?”

మట్టయ్య తెల్లబోయి చూశాడు.

“కుసుమా, నువ్వు లోపలికెళ్లు,” అన్నాడు పట్టాభి నీరసంగా.

“నేనెళ్లను! మీ మెతకదనం వల్లే వీళ్లిలా తయారయ్యారు. అసలూ వడ్డీ ఇప్పుడే, ఇక్కడే కక్కాలి. లేదా ఈ గుమ్మం దాటనివ్వను!”

మట్టయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత నెమ్మదిగా జేబులోంచి ప్రోనోటు తీసి మడత విప్పాడు.

“నేను గూడ గదే అడుగుదామని ఒచ్చిన అమ్మా, భూమి అమ్మిన పైసలు సారుకు అప్పిచ్చి ఏడాదాయె, ఒక్క నెల వడ్డీ గూడ రాకపాయె!”