గున్నమ్మ చెవి

"ఇల్లు కడుతున్నారా, కేకు చేస్తున్నారా?" అంది భార్య.

వంటగది గట్టు మీద గళ్ళ కాగితం, స్కేలు, పెన్సిలు. పక్కనే పొద్దున కాల్చిన మూడు గుండ్రటి కేకులు.

అతను ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. కొలత లేనిదే గీత గీయడు.

జూలో గున్నమ్మ అనే ఏనుగు పోయిన నెల చచ్చిపోయింది. ప్రతి ఆదివారం దాన్ని చూసొచ్చే ఐదేళ్ళ కూతురు రెండు రోజులు ముద్ద ముట్టలేదు.

"నీ పుట్టినరోజుకి గున్నమ్మని ఇంటికి తెస్తాలే," అని నోరు జారాడు. పిల్ల ఆ మాట పట్టుకుని కూర్చుంది.

అందుకే ఆఫీసుకు సెలవు పెట్టి మరీ కత్తి పట్టాడు.

మధ్యాహ్నానికి ఏనుగు లేచి నిలబడింది. చెక్కిన కేకుతో ఒళ్ళూ తలా, లోపల పుల్ల గుచ్చి తొండం, చక్కెర ముద్దను పల్చగా ఒత్తి రెండు చెవులు. పైన బూడిదరంగు క్రీము.

"బడి నుంచి పిల్లని తీసుకొస్తా. ఈలోగా మీ ఏనుగుకి కళ్ళు పెట్టండి," అని భార్య వెళ్ళింది.

కాసేపటికి బెల్లు మోగింది. కొత్త వాచ్‌మన్. చేరి ఇంకా పది రోజులు కాలేదు. నెరిసిన గడ్డం, ఎప్పుడూ నేలచూపులు. చేతిలో బెలూన్ల పెట్టె.

"కింద ఇచ్చి వెళ్ళారు సార్."

"గట్టు మీద పెట్టు."

అంతలో లోపలి గదిలో ఫోను మోగింది. మాట్లాడి వచ్చేసరికి వాచ్‌మన్ కేకు మీదికి వంగి ఉన్నాడు. ఏనుగు ఎడమ చెవి అంచున బొటనవేలంత ముక్క లేదు. అది వాచ్‌మన్ వేళ్ళ మధ్య ఉంది.

"ఏయ్! ఏంటది?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "తప్పయిపోయింది సార్. చెయ్యి ఆగలేదు. గున్నమ్మే కదా ఇది? ఎడమ చెవి కింద ఇలా..."

"పదిహేడు ఫోటోలు చూసి చేశాను. నువ్వు చెప్పొచ్చావా నాకు?"

"అన్నీ కుడివైపు నుంచి తీసుంటారు సార్. జనం నిలబడేది అటే..."

"చాల్లే! కావాలంటే అడిగితే పెట్టేవాణ్ణిగా. ఈ దొంగతిండి దేనికి?"

ముసలాయన ముక్కను మెల్లగా గట్టు మీద పెట్టి, వేళ్ళు చొక్కాకి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

అతని కోపం అక్కడితో చల్లారలేదు. అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఫోన్ చేశాడు.

"ఇళ్ళలోకొచ్చి చేతులు పెట్టే మనుషుల్ని పనిలో పెట్టుకుంటే ఎలాగండీ?"

తర్వాత తీరిగ్గా ఆ ముక్కను చెవికి అతికించి, క్రీము మెత్తి, చుక్క తేడా లేకుండా సరిచేశాడు.

సాయంత్రం పిల్లలు చుట్టూ మూగారు. కొవ్వొత్తులు వెలిగించారు. కూతురు మాత్రం ఊదలేదు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

"నాన్నా, ఇది గున్నమ్మ కాదు."

"ఎందుకు కాదు తల్లీ?"

"గున్నమ్మకి ఈ చెవి చిరిగుంటుంది. ఇదిగో, ఇక్కడ."

చిట్టి వేలు సరిగ్గా అతను క్రీము మెత్తిన చోటే ఆగింది.

"నీకెలా తెలుసు?"

"నేను పిలిస్తే ఇటు తిరిగేది కదా! నువ్వెప్పుడూ ఫోన్లోంచి చూస్తావు, నీకెలా తెలుస్తుంది?"

అందరూ గొల్లున నవ్వారు. అతను చెంచా తీసుకుని ఆ అంచున ముక్క తీసేశాడు.

"హమ్మయ్య, వచ్చేసింది!" అంటూ పిల్ల ఏనుగు నుదుటి మీద ముద్దు పెట్టింది. దాని ముక్కు నిండా క్రీము.

దానికి కూడా అతనికి నవ్వు రాలేదు. 'దొంగతిండి' అన్న తన గొంతే చెవుల్లో గింగురుమంటోంది. ప్లేటులో పెద్ద ముక్క పెట్టుకుని మెట్లు దిగాడు. ఏమని మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకున్నాడు. ఏదీ నోట్లో కుదురుకోలేదు.

గేటు దగ్గర కుర్చీలో సెక్రటరీ ఉన్నాడు.

"మీరు ఫోన్ చేసిన గంటకే పంపించేశామండీ. ఒక్క మాట ఎదురు చెప్పలేదు, పాపం. రేపు కొత్త మనిషి వచ్చేదాకా ఈ గేటు నాకే తప్పదు."

"ఎక్కడుంటారాయన?"

"చెప్పలేదు. ముందు పనిచేసిన చోట గదిచ్చారట. అదీ వదులుకుని వచ్చాడు."

అతను ప్లేటును రెండో చేతిలోకి మార్చుకున్నాడు.

"ముందు ఎక్కడ చేసేవారు?"

"జూలోనండీ. తల్లి లేని గున్నగా వచ్చిన రోజు నుంచి సీసాపాలు పట్టి, ఇరవై ఆరేళ్ళు ఆ గున్నమ్మని పెంచింది ఆయనే."