తులసినీళ్ళు

"నీళ్ళు పొయ్యొద్దు అన్నయ్యా. అమ్మకి గుటక పడట్లేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పెదాలు తడిపితే చాలు."

అవసాన దశలో ఉన్నవాళ్ళకి సేవ చేసే నర్సు శేషారత్నం, ఈ మాటే తన పుస్తకంలోనూ రాసింది. రాజమండ్రి సభలో దాన్ని ఆవిష్కరించి, ఇది ప్రతి ఇంట్లో ఉండాలన్నది ఈ అన్న చంద్రరావే.

"పుస్తకం సంగతి వేరు. కొడుకుండి తులసినీళ్ళు పొయ్యలేదంటే నలుగురూ ఏమనుకుంటారే?"

మంచం చుట్టూ చుట్టాలు చూస్తుండగా, తులసాకు వేసిన గోదావరి నీళ్ళు ఉద్ధరిణితో తల్లి నోట్లో పోశాడు. ఆమెకి పొలమారింది. ఛాతీ ఎగిసిపడింది. ఆ తర్వాత కదల్లేదు.

"అదృష్టవంతుడివిరా," అన్నాడు మేనమామ.

చంద్రరావు కళ్ళు తుడుచుకుని చెల్లెలి వైపు తిరిగాడు.

"రెండో ముద్రణలో ఇది కూడా రాయవే. అమ్మ నా చేతి నీళ్ళతోనే పోయిందని."