గగనవీర దూకిన చెట్టు

"అమ్మా, ఆ కుర్చీలోంచి కాస్త లేస్తారాండి?"

పెద్దావిడ ఉలిక్కిపడి లేచింది.

"మరేమీ అనుకోకండి. అది మా ముఖ్య అతిథిగారి కోసం వేసిందండి," అన్నాడు దుర్గేష్.

"ఆయ్. తెలీక కూర్చున్నానండి," అంటూ ఆవిడ వెళ్ళి గోడ పక్క బెంచీ చివర సర్దుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అంబాజీపేట లైబ్రరీ హాలు కిటకిటలాడుతోంది. డ్రాయింగు మేష్టారు దుర్గేష్ సూపర్‌హీరోల చరిత్ర చెబుతున్నాడు. చిన్నప్పటి నుంచీ అతగాడికి అదే పిచ్చి. గోడల నిండా బొమ్మలు తనే వేశాడు. ప్యాంటు మీద చెడ్డీ వేసుకున్న తొలినాటి వీరుల నుంచి, పచ్చగుడ్డ ముందు నిలబడి చేతులూపితే చాలు కంప్యూటర్లే ఎగరేసే నేటి వీరుల దాకా అందరూ ఉన్నారు.

వాళ్ళందరి మధ్యా నిలువెత్తున గగనవీర.

ముప్పై ఆరేళ్ళ కిందట ఆదివారాలు టీవీలో వచ్చిన సీరియల్ అది. అందులో గగనవీర కొబ్బరిచెట్టు తల మీంచి గోదావరి పాయలోకి దూకుతాడు. అప్పటికి దుర్గేష్‌కి తొమ్మిదేళ్ళు. బడికి వెళ్ళే దారిలో కాలువ మీద తాటిదుంగ వంతెన ఉండేది. రోజూ దాని ముందు నిలబడి ఏడ్చేవాడు. టీవీలో అది చూసిన మర్నాడు ఏడవకుండా దాటేశాడు.

ముసుగు తీస్తే కనపడే మొహం ఒక నటుడిది. అది అందరికీ తెలుసు. ముసుగు వేసుకుని దూకిన మనిషెవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ మనిషి కాళ్ళకి ఒక్కసారి దండం పెట్టుకోవాలని దుర్గేష్ ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నాడు. చివరికి ఆ సీరియల్‌కి కెమెరా అసిస్టెంటుగా చేసిన ఏడుకొండలు గారు హైదరాబాదులో దొరికారు.

"మీ కోనసీమ మనిషేనండి. పేరు బయట పెట్టబోమని అప్పట్లో అందరం నిర్మాతకి మాటిచ్చాం. కబురు మాత్రం పంపుతాను," అన్నారాయన.

నిన్న మళ్ళీ ఫోన్ చేసి, వస్తున్నారని చెప్పారు. అందుకే ఆ కుర్చీ, బల్ల మీద ఆ శాలువా, ఆ దూకే దృశ్యం వెయ్యడానికి ఎదురుగా తెర.

"ఆ దూకే ముక్క ఎప్పుడేస్తారండి?" బెంచీ మీంచి అడిగింది పెద్దావిడ.

"ఆయన రావాలమ్మా. ఆయన చూస్తుండగా వెయ్యాలని."

ముందు వరసలో ఉన్న కొబ్బరి వ్యాపారి సూర్యనారాయణగారు నవ్వేశారు. "అదంతా తీగ కట్టి లాగడమే కదండి మేష్టారూ!"

"తీగ లేదండి," అంది పెద్దావిడ.

అందరూ అటు తిరిగారు.

"మీకెలా తెలుసండి?" అన్నాడు దుర్గేష్.

"షూటింగప్పుడు నేనక్కడే ఉన్నానండి. మాది మురమళ్ళ. సువార్తమ్మంటారు."

దుర్గేష్ ఆత్రంగా దగ్గరికి వెళ్ళాడు. "అయితే ఆయన్ని చూసేరా? ఎలా ఉండేవారండి?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "భయంతో కాళ్ళు వణికేయండి."

"ఎవరికి?"

"దూకిన మనిషికేనండి. అంత ఎత్తునుంచి చూస్తే నీళ్ళు చారెడే కనపడతాయి కదండి."

దుర్గేష్ మనసు చివుక్కుమంది. గగనవీరకి భయమా! గట్టున నిలబడి చూసిన మనిషి తోచింది చెబుతోందనుకున్నాడు.

"మీరు పొరబడి ఉంటారమ్మా. ఆయనకి భయమంటే ఏమిటో తెలీదు," అన్నాడు, మర్యాదగానే.

"ఆయ్. అయ్యుంటుందండి," అని ఆవిడ ఊరుకుంది.

నాలుగయింది. ఐదయింది. అతిథి జాడ లేదు. పెద్దావిడ చేతిసంచీ పట్టుకుని దగ్గరికొచ్చింది.

"బాబూ, ఆ ఒక్క ముక్కా వేస్తారేమిటండి? అప్పట్లో మా ఇంట టీవీ లేదు. ఎప్పుడూ చూళ్ళేదండి. ఇప్పుడు బయల్దేరకపోతే అమలాపురంలో మా ఊరి బస్సు అందదు."

దుర్గేష్ ఇబ్బందిగా గుమ్మం కేసి చూశాడు. ఆయన ఏ క్షణాన్నయినా రావచ్చు.

"ఆయన రాకుండా వేసేస్తే ఏం బాగుంటుందండి? ఇరవై ఏళ్ళు వెతికేను ఆయన కోసం."

"ఇరవై ఏళ్ళా!"

ఆవిడ అతని మొహంలోకి చూస్తూ ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

"అంతలా గుర్తు పెట్టుకున్నారు. అది చాలండి," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆరు దాటాక, జనం సణుగుతుంటే, ఇక ఆగలేక వేశాడు. పాయ మీదికి వాలిన చెట్టు. దాని చిటారున ఎర్ర ముసుగు. మనిషి గాల్లోకి లేచి, చేతులు చాచి నీళ్ళలోకి దిగిపోయేసరికి చప్పట్లు మోగిపోయాయి. సూర్యనారాయణగారు లేచి నిలబడి మరీ కొట్టారు. ఎన్నోసారి చూస్తున్నాడో, దుర్గేష్‌కి మళ్ళీ కళ్ళు చెమర్చాయి. ఎంత గుండె ఉండాలి ఆ మనిషికి!

అందరూ వెళ్ళాక ఏడుకొండలు గారికి ఫోన్ చేశాడు.

"ఆయన రాలేదండి."

"రాకపోవడమేమిటండి! మురమళ్ళలో దగ్గరుండి బస్సెక్కించేమని ఇంట్లోవాళ్ళు చెప్పేరే!"

"మురమళ్ళా?" అన్నాడు దుర్గేష్. "అక్కణ్ణుంచి ఒక పెద్దావిడ తప్ప ఎవరూ రాలేదండి."



"చెట్టెక్కేది మగాళ్ళే కదాని మీరూ అనుకున్నారన్నమాట," అన్నారు ఏడుకొండలు గారు. "గగనవీర ఆడమనిషని తెలిస్తే ఎవరు చూస్తారని మా నిర్మాత మాట తీసుకున్నాడండి. ఇక నేను మాట తప్పినా పాపం లేదు. ఆవేళ ఫైటర్లందరూ ఆ చెట్టు మా వల్ల కాదని చేతులెత్తేస్తే, కొబ్బరి దింపు తీసే తండ్రి దగ్గర చెట్టెక్కడం నేర్చుకున్న సువార్తమ్మ, చంకలో పిల్లని నా చేతికిచ్చి, మొహానికి ముసుగు కట్టుకుని, వణుకుతూనే ఎక్కి దూకిందండి."