చూడనంటే చూడనని

ఆటగాళ్ల ఒంట్లో నొప్పి తెలియనివ్వని చిప్పులు పెట్టడం మొదలై నాలుగేళ్లయింది. ఆట చూసే జనం పెరిగేకొద్దీ ఆ చిప్పు ఇంకా గట్టిగా పనిచేస్తుంది.

కాకినాడ మంగతాయారుకి కబడ్డీ అంటే ప్రాణం. కిందటి నెల ఆమెకి ఇష్టమైన హైమ, చీలమండ విరిగిన సంగతే తెలియక ఇరవై నిమిషాలు ఆడింది. ఆట ముగిసి జనం చూడటం ఆపాక గాని కేక పెట్టలేదు. ఆ నొప్పిని దాచిన చూపుల్లో తనదీ ఉందని మంగతాయారు ఆ రోజే కబడ్డీ చూడటం మానేసింది.

ఈ సాయంత్రం ఫైనల్. ఆమె వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతోంది.

"హైమ కూతకెళ్తోందే. ఒక్కసారి వచ్చి చూడు," హాల్లోంచి భర్త వీర్రాజు పిలిచాడు.

ఆమె గుమ్మం దాకా వచ్చి, టీవీ వైపు చూడకుండా నిలబడింది.

"కుంటుతోందాండి?"

"లేదే. నవ్వుతోంది."

"కాలు విరిగి నెలే కదండీ. మీరూ ఆపెయ్యకూడదా?"

"నేనొక్కణ్ణి ఆపితే ఏమవుద్దే? కోటిమంది చూస్తున్నారు."

ఆమె చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది. ప్రతి ఇంట్లోంచీ హైమ పేరే వినిపిస్తోంది. అడుగుల వేగం పెంచింది. సందు చివరికి వచ్చేసరికి, ఊపిరి బిగబట్టి తన పెదవులు కబడ్డీ కబడ్డీ అంటున్నాయని ఆమెకి తెలిసింది.