గంటసేపు ఆపొద్దని

తెర నల్లబడిపోయిన లాప్‌టాప్‌ని నుహాద్ రిపేరు బల్ల మీద పెట్టింది. "అప్‌డేట్ సగంలో కరెంటు పోయింది జిర్జిస్. నా దోహా నర్సు ఉద్యోగం కాగితాలన్నీ ఇందులోనే ఉన్నాయి."

"బ్యాటరీ చచ్చినదానికి అప్‌డేట్ ఎవరైనా పెడతారా అక్కా! బేరూత్‌లో జనరేటర్ ఎప్పుడు ఆగుతుందో దేవుడికే తెలీదు."

"అందుకేగా, మీ బావకి ఫోన్ చేసి, గంటసేపు ఆపొద్దని చెప్పి మరీ పెట్టాను. పది నిమిషాలకే..."

తన మాట తనకే వినిపించినట్టు ఆమె ఆగిపోయింది. వీధికంతటికీ జనరేటర్ నడిపేది ఆమె భర్తే.

జిర్జిస్ తల వంచుకుని పనిలో పడ్డాడు. సాయంత్రానికి తెర వెలిగింది.

"బతికించానక్కా! ఒక్క కాగితం కూడా పోలేదు."

నుహాద్ పెన్‌డ్రైవ్ అందించింది. "ఇందులో ఎక్కించు. మీ బావ అడిగితే మాత్రం, అన్నీ పోయాయని చెప్పు."